కుసుమగారి సిమెంటు సంచి పుస్తకం

1999 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న మా ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు మీద కుసుమగారిని కూర్చోబెట్టి, ఆవిడ రెండున్నరేళ్ళు కూర్చిన పుస్తకాన్ని ఆవిడ చేతే విప్పించారు. పేజీ తర్వాత పేజీ కుట్టు కోసి, పేరు పిలిచి, ఎవరి పేజీ వాళ్ళకి అప్పగించాలని తీర్పు. నలభై నలుగురు ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. రేషను కిరసనాయిలుకి కూడా మా ఊళ్ళో ఎవరూ అంత బుద్ధిగా నిలబడి ఎరగరు. ఆ వరసలో పదిహేడో మనిషి మా అమ్మ.

తీర్పు చెప్పినవాడు ప్రెసిడెంటు గంగాధరరావు. కొబ్బరితోటలూ వరిపొలాలూ ఉన్న మనిషి. మూడు రోజుల క్రితం తాటిముంజలు లెక్కాపత్రం లేకుండా తిన్నాడు. అప్పటినించీ ఎక్కిళ్ళు.

"చూడు కుసుమా," అన్నాడు. ఒక ఎక్కిలి. "మేం చదువుకున్నోళ్ళం. ఇలాంటివి నమ్మం." ఇంకో ఎక్కిలి. "కానీ జనం భయపడుతున్నారు. ఎవరి గుడ్డ వాళ్ళకి ఇచ్చెయ్యి. గొడవొదిలిపోద్ది."

"ఆయ్. ఇచ్చేస్తానండి," అన్నారు కుసుమగారు. "కొంచెం మంచినీళ్ళు తాగండి, తగ్గుద్ది."

అప్పటికే గ్లాసు నోటిదాకా ఎత్తినవాడు, ఆవిడ తాగమనేసరికి దించి పక్కన పెట్టేశాడు.

ఆవిడ మీద మోపిన నేరం చిల్లంగి. మనిషికి కీడు చెయ్యాలంటే ఆ మనిషి కట్టిన గుడ్డముక్కో, తలవెంట్రుకో దొరికితే చాలని మా వైపు భయం. దువ్వెనలో ఊడిన జుట్టుని కూడా చుట్టచుట్టి చూరులో దోపుకునే ఆడవాళ్ళు మావాళ్ళు. అలాంటి వాళ్ళు ఏళ్ళతరబడి జాకెట్టు గుడ్డలు టైలరుకిచ్చి, కత్తిరించగా మిగిలిన ముక్కలు ఏమయ్యాయని ఒక్కరోజు కూడా అడగలేదు. ఆ ముక్కలన్నీ ఒక పుస్తకంలో, పేజీకి ఒకరు చొప్పున, అక్కడక్కడా వెంట్రుకలతో సహా కనిపించేసరికి ఊరికి ఒళ్ళు జలదరించింది.

కుసుమగారిది రోడ్డు పక్క రేకుల షెడ్డు. అంబాజీపేట నించి కొబ్బరి లారీలు వెళ్ళే రోడ్డది. ఒక పక్క సైకిలు షాపు, ఇంకో పక్క కాయలు వొలిచే కొట్టు. షెడ్డులో ఒక కాలిమిషను, ఒక బల్ల, ఒక అద్దం. భర్త భీమరాజు తాపీమేస్త్రీ. మస్కట్ వెళ్ళాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. పిల్లలు లేరు. ఆ మాట ఊళ్ళో అందరూ ఆవిడ ముందే అనేవారు, వాన పడలేదు అన్నంత మామూలుగా. ఆవిడ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని వినేవారు.

పుస్తకం పుట్టింది 1996 నవంబరు తుపానులో. షెడ్డు మీద రేకులు లేచిపోయాయి. మూడు రోజులు అన్నీ నీళ్ళలో నానాయి. ఆవిడ అందరి కొలతలూ సిరాపెన్నుతో రాసుకున్న నోటుబుక్కు ఉండేది. ఎండలో ఆరబెట్టి తెరిచి చూస్తే ప్రతి పేజీ లేతనీలం మబ్బు. అంకె ఒక్కటి మిగల్లేదు. ఊరందరి ఛాతీలూ నడుములూ కలిసిపోయాయి.

అప్పుడావిడ సిరాని నమ్మడం మానేశారు. ప్రతి మనిషికీ ఆరు దారాలు కత్తిరించి పెట్టుకోవడం మొదలెట్టారు. ఛాతీకి ఎర్రది, నడుముకి నీలం, చెయ్యి పొడుగుకి పసుపు, జబ్బ చుట్టూ ఆకుపచ్చ, భుజానికి నలుపు, వెనకమెడకి తెలుపు. దారం ఎంత పొడుగుంటే కొలత అంత. నానినా చెరగదు. ఆ దారాల్ని ఎక్కడ పెట్టాలి? భీమరాజు వెళ్ళేముందు వదిలేసిన సిమెంటు సంచులున్నాయి. వాటి లోపలి కాగితం పొరల్ని దులిపి, కడిగి, గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తే తోలులాంటి గోధుమరంగు పేజీలు వచ్చాయి. అట్టకి పాత క్యాలెండరు అట్టముక్కలు, పైన గోనెగుడ్డ. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, జిగురు ఆవిడే చేసుకున్నారు.

పేజీ మీద ముందు ఆ మనిషి జాకెట్టు ముక్క అంటించేవారు. దాని మీద ఆరు దారాలు. మొదట్లో దారాలు రెండు మడతలతో బుద్ధిగా నిలువుగా ఉండేవి. ఒకరోజు ఒక మనిషి ఎర్రదారం పేజీ దాటిపోయింది. దాన్ని ఒంపు తిప్పాల్సొచ్చింది. తిప్పితే అది నోరులా కనిపించింది. అంతే, ఇంక ఆవిడ ఆగలేదు. ఆరు దారాల్లో మనిషిని పట్టేయడం మొదలెట్టారు. ఒకరు పీత, ఒకరు తాళంకప్ప, ఒకరు గొడుగు. రంగులకి పసుపు, నీలిమందు, కాటుక, బచ్చలిపళ్ళ రసం. బటన్లు, విరిగిన హుక్కులు, గాజుముక్కలు, కొబ్బరి పీచు, బస్సు టిక్కెట్లు. దారాల్ని వదులు కుట్లతో పట్టేవారు. కొలత కావాలంటే ముడి లాగితే దారం మొత్తం బయటికొచ్చేస్తుంది. పని అయ్యాక మళ్ళీ పేరుస్తారు. ఆ రోజు ఆ మనిషి ఎలా వచ్చిందో అలా పేరుస్తారు. ఏడుస్తూ వస్తే ఒకలా, కొత్త గొలుసు వేసుకుని వస్తే ఇంకోలా. ఆ పూట ముక్క ఏదో ఒకటి పక్కన చేరేది. చెప్పు కింద ఊడిన రబ్బరు, తలలోంచి రాలిన కనకాంబరం, టేపుకి చిక్కిన వెంట్రుక.

"ఇది నా డైరీ అండి," అన్నారు ఒకసారి నాతో.

"ఇందులో మీ గురించి ఒక్క ముక్కా లేదు కదండీ?"

"నా గురించి ఏం రాసుకోనండి? పొద్దున్న లేచేను, మిషను తొక్కేను, పడుకున్నాను. నా దగ్గరికొచ్చినోళ్ళే నాకు జరిగింది."

నేను ఆ షెడ్డుకి వెళ్ళేది పాత వారపత్రికల కోసం. ఇంటరు రెండుసార్లు తప్పి, కాలేజీ నన్నొద్దంటే దొరికిందల్లా చదివేవాణ్ణి. కొట్లో పొట్లాలు కట్టే కాగితాలు కూడా విప్పి చదివాను. కుసుమగారు రంగు కోసం పత్రికల్లో బొమ్మలు కత్తిరించేవారు. ఆ బొమ్మ వెనకాల సీరియల్ ముగింపు ఉండేది. ఆవిడ వల్ల నేను చాలా నవలలు హంతకుడు ఎవరో తెలియకుండా చదివాను. మా ఊళ్ళో బతకడానికి అది మంచి తర్ఫీదు.

ఆ పుస్తకం ఊళ్ళో పడటానికి కారణం మా అమ్మ. వేరే వాళ్ళని తిట్టి ఈ సంగతి దాటేస్తే నేనూ గంగాధరరావులాంటి చదువుకున్నవాణ్ణే అవుతాను.

అమ్మ పేరు వీరలక్ష్మి. ఆ బుధవారం జాకెట్టు తెచ్చుకోడానికి వెళ్ళింది. కుసుమగారు బిందె పట్టుకుని కుళాయికి వెళ్ళారు. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. అమ్మ పేజీలు తిప్పింది, నవ్వింది కూడా. పీతని చూసి ప్రెసిడెంటు భార్యని గుర్తుపట్టింది. తర్వాత ముదురాకుపచ్చ జాకెట్టు ముక్క కనిపించింది. అది తనది. దాని మీద బొమ్మ చూసింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా నా ముందు నిలబడింది.

"చెవి వేసిందిరా."

"ఎవరు?"

"ఆ కుసుమ. నా బొమ్మ వేసింది. మొహం లేదు, ముక్కు లేదు, కళ్ళు లేవు. ఒట్టి చెవి. పేజీ అంతా చెవి."

నేను నవ్వాను. అదే నేను చేసిన తప్పు. మా వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు మా ఇంట్లో తెలుస్తుంది. ఆ బొమ్మలో తప్పేమీ లేదు.

"ఏటి నవ్వుతావు? నా వెంట్రుక కూడా అంటించింది!" అని అటునించి అటే ప్రెసిడెంటు భార్య సత్యనారాయణమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పేరుకి నేను గారు తగిలించను. గారులన్నీ ఈ పేజీల్లో వేరే మనిషికి ఖర్చు పెడుతున్నాను.

అమ్మ తిరిగొచ్చేసరికి కథలోంచి చెవి మాయమైంది. వెంట్రుక మిగిలింది. మర్నాడు గంగాధరరావుకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఇంకేం కావాలి?

శుక్రవారం, శనివారం ఊళ్ళో ఆడవాళ్ళంతా జట్లుజట్లుగా షెడ్డుకి వచ్చి ఎవరి పేజీ వాళ్ళు చూసుకున్నారు. నేను సైకిలు షాపు దగ్గర నిలబడి మొహాలు చూశాను. భయపడిన మొహం ఒక్కటీ కనపడలేదు. అందరివీ ఉడుక్కున్న మొహాలే. బొమ్మ నచ్చలేదని పైకి అనాలంటే ఎలా ఉందో చెప్పాలి. పీతలా ఉందని చెబితే, అవును కదా అని ఊరు నవ్వుతుంది. చిల్లంగి అంటే ఆ ఇబ్బంది లేదు. ఎవరూ ఎందుకని అడగరు.

అరుగు దగ్గర సత్యనారాయణమ్మ ముందు "తగలెయ్యండి దాన్ని" అంది.

"అమ్మో, మా గుడ్డ తగలేస్తే మా ఒళ్ళు మండదేటండీ?" అంది వరసలోంచి ఒకావిడ.

"అయితే కాలవలో పారేద్దాం."

"నాకసలే ఆయాసం వదినా, నీళ్ళలో వేస్తే ఉంటానా?"

పాతిపెడదామంటే కుక్కలు తవ్వుతాయన్నారు. ఇంక దారి లేక, ఎవరి కీడు వాళ్ళింటికి తీసుకుపోవాలని తేలింది. కుసుమగారు సగం బ్లేడుతో పుస్తకం వెన్ను కుట్లు కోశారు. ఒక్కో పేరూ పిలిచి, పేజీ రెండు చేతులతో ఇచ్చారు. ప్రతి ఒక్కరికీ అదే మాట.

"దారాలు జాగ్రత్తండి. అవి మీ కొలతలండి."

మా అమ్మ వంతు వచ్చింది.

"వీరలక్ష్మిగారండి."

అమ్మ తల ఎత్తలేదు. పేజీని కొంగు కింద పెట్టుకుని వచ్చేసింది. దారాల సంగతి విన్నదో లేదో.

ఆఖర్న వరహాలమ్మ నిలబడింది. కాట్రేనికోన వైపు నించి ఎండుచేపలు తెచ్చి అమ్మే మనిషి. గంప నెత్తిన ఉండగానే వరసలో నిలబడింది. ఆవిడ బొమ్మ చేప, నోట్లో చుట్టతో. చాలాసేపు చూసింది.

"నాకొద్దు, నీకాడే ఉంచు. నేను చేపనే. నాకు తెల్దా ఏటి?"

"తీస్కోవాలి, తీర్పు," అన్నాడు గంగాధరరావు.

"తీర్పు మీ ఊరోళ్ళకి చెప్పుకోండి బాబూ. నాది మీ ఊరు కాదు," అని గంప సర్దుకుని, "ఎండు నెత్తళ్ళు కావాలా ఎవరికైనా?" అని అడిగి వెళ్ళిపోయింది.

అట్టలో ఒక్క చేప మిగిలింది. కుసుమగారు ఆ గోనె అట్టని దులిపి చంకలో పెట్టుకున్నారు. ఎక్కిళ్ళు బుధవారం దాకా తగ్గలేదు. అమలాపురంలో ఒక డాక్టరు సూది పొడిచాక తగ్గాయి. ఆ సంగతి పట్టుకొచ్చి కుసుమగారికి చెప్పి, పొరపాటైందమ్మా అన్నవాళ్ళు ఊళ్ళో లేరు. అట్ట మాత్రం షెడ్డులో మేకుకి వేలాడింది, లోపల ఒక్క పేజీతో. "అన్నీ మళ్ళీ వచ్చేదాకా దీన్ని దించనండి," అన్నారు నాతో. రావని నేననుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. నోములు, పేరంటాలు. జాకెట్లు కావాలి. మొదటగా ప్రెసిడెంటు కోడలు రమణి వచ్చింది. నేను అక్కడే పత్రికలు ఏరుకుంటున్నాను.

"శుక్రవారానికి కావాలి కుసుమా."

"అలాగేనండి. కొలతలు తేండి."

"అదేంటి? కొలతలు నీ దగ్గరుంటాయి కదా."

"ఉండేవండి. అరుగు మీద ఇచ్చేసేను కదండీ. మీ ఇంట్లోనే ఉంటాయి చూసుకోండి."

"పోనీ టేపు పెట్టి మళ్ళీ తీసుకో."

"తీస్తానండి. మళ్ళీ ఆరు దారాలు కత్తిరించాలి. అవి నా దగ్గరే ఉంచాలి. ఉంచమంటారా?"

రమణి బల్ల మీది గుడ్డని వెనక్కి లాక్కుంది. "పాత జాకెట్టు ఆది ఇస్తాను," అంది చివరికి.

"ఆదికి ఆది కుడితే పాత తప్పులన్నీ కొత్త గుడ్డలోకి వచ్చేస్తాయండి. నేను ఆది తీసుకోనని మీకు తెలుసు కదండీ."

ఇందులో మొండితనం లేదని నేననను. కానీ ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకున్నవాళ్ళకి ఇంకోళ్ళది ఎక్కదు. అంబాజీపేటలో ఇద్దరు టైలర్ల దగ్గర కుట్టించుకుని, చంకల్లో పట్టేసిన జాకెట్లతో చేతులు పక్కకి పెట్టుకుని వాయనాలు పుచ్చుకున్నాక, ఊరు దారికొచ్చింది. ఒక్కొక్కరూ పేజీ పట్టుకుని రావడం మొదలైంది. ఎవరి పేజీ వాళ్ళింట్లో ఎక్కడ దాక్కుందో అప్పుడు తెలిసింది. బియ్యం డ్రమ్ములో, దేవుడి పటం వెనక, పరుపు కింద. పారేయడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. కీడని తీసుకెళ్ళినదాన్ని పసిపిల్లలా చూసుకున్నారు.

పద్ధతి ఇలా ఉండేది. పేజీ తెస్తారు. ఎదురుగా కూర్చుంటారు. కుసుమగారు దారాలు లాగి కొలత చూసుకుని, గుడ్డ కత్తిరించి, కొత్త ముక్క ఒకటి పక్కన అంటించి, దారాలు మళ్ళీ పేరుస్తారు. వాళ్ళు పేజీ తీసుకుని వెళ్ళిపోతారు. ఇప్పుడు మాత్రం కళ్ళు ఆర్పకుండా బొమ్మనే చూస్తారు.

"ఈసారి పువ్వు వెయ్యవే."

"మీరు పువ్వులా వస్తే వేస్తానండి. ఇవాళ మీ ఆడపడుచు గురించి గంట తిట్టేరు కదండీ?"

"అయితే ఏం వేస్తావు?"

"తేలు వేస్తానండి. చిన్న తేలు."

ఆ నవ్వు రోడ్డు మీదికి వినిపించేది. అరుగు మీద విప్పించిన పుస్తకాన్ని ఆవిడ నలభై ఇళ్ళలో పెట్టి రాస్తూనే ఉన్నారు.

సత్యనారాయణమ్మ తన పేజీని కపిలేశ్వరపురం రేవులో గోదాట్లో పారేశానని ఊరంతా చెప్పుకుంది. దసరాకి ముందు ఒక మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేని టైములో, గొడుగు వేసుకుని షెడ్డుకి వచ్చింది. కొంగులోంచి పేజీ తీసి బల్ల మీద పెట్టింది.

కుసుమగారు పేజీ వంక చూశారు. "గోదాట్లో వేసేరన్నారు కదండీ?"

"వేసేను."

"మరి?"

"తేలింది."

"తేలిందాండీ!"

"ఆ, తేలింది. కొలత చూడు ముందు. ఈ పీతకి గోళ్ళు కొంచెం తగ్గించు."

కుసుమగారు గోళ్ళు తగ్గించలేదు. ఇంకో రెండు కాళ్ళు పెట్టారు.

ఏళ్ళు గడిచేకొద్దీ పేజీలు వాటంతటవే షెడ్డుకి తిరిగొచ్చాయి. ముందు సావిత్రి కువైట్ వెళ్తూ ఇచ్చేసింది. "ఇంట్లో ఉంటే మా అత్త పొయ్యిలో పెట్టేస్తదండి. మీ దగ్గరే ఉంచండి. ఎవరైనా వస్తుంటే నాలుగు జాకెట్లు కుట్టి పంపండి," అంది. కువైట్‌లో మా ఊరి ఆడవాళ్ళు సరిగ్గా పట్టిన జాకెట్లు వేసుకున్నారంటే ఆ దారాల చలవ. తర్వాత నైటీలు వచ్చాయి. సత్యనారాయణమ్మ కూడా నైటీలోకి దిగి, "నీ దగ్గరే పడుండనీ" అని పీతని ఇచ్చేసింది. చనిపోయినవాళ్ళ పేజీలు కొడుకులు తెచ్చి ఇచ్చారు. కుసుమగారు వాటిలో దారాలు మార్చేవారు కాదు.

తిరిగొచ్చిన ప్రతి పేజీనీ పాత వరసలోనే అట్టలో కుట్టారు. 2003 నాటికి పుస్తకం మళ్ళీ లావెక్కింది. ఒకరోజు చేతిలోకి తీసుకుని తిప్పుతుంటే పదహారో పేజీకీ పద్దెనిమిదో పేజీకీ మధ్య వెడల్పుగా ఖాళీ తగిలింది. అక్కడ కుట్టడానికి కన్నాలు పొడిచి ఉన్నాయి.

మా అమ్మ వెళ్ళలేదు. మిగతావాళ్ళకి సిగ్గు లేదు కాబట్టి వెళ్ళారు, మా అమ్మకి ఉంది కాబట్టి వెళ్ళలేదు. అమలాపురం బస్సెక్కి జాకెట్లు కుట్టించుకునేది. ఒక్కదానికీ కుడి భుజం నిలవదు. నాలుగేళ్ళుగా ఎడం చేత్తో కుడి భుజం సర్దుకుంటూ మాట్లాడుతోంది. దారిలో షెడ్డు వస్తే సైకిలు షాపు వైపు తల తిప్పుకుని నడిచేది.

"మీ అమ్మగారు కులాసాయేనా అండి?" అన్నారు కుసుమగారు ఆ రోజు.

"కులాసాయే."

"ఆ జాకెట్లు ఎవరు కుడుతున్నారండి? ఆవిడ రోడ్డంట వెళ్తుంటే చూడలేకపోతున్నాను. లేచెళ్ళి ఒక టాకా వేసెయ్యాలనిపిస్తది."

"ఆ పేజీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. నేను తెచ్చేస్తానండి. అమ్మకి తెలియక్కర్లేదు."

ఆవిడ మిషను ఆపారు.

"వద్దండి. దొంగ పేజీ నేను కుట్టను. ఆవిడ పట్టుకెళ్ళేరు. ఆవిడే తేవాలి."

"తేకపోతే?"

"ఖాళీ ఉంటదండి. నష్టమేముంది?"

నష్టం లేదన్న మనిషి అక్కడ కన్నాలెందుకు పొడిచి పెట్టుకున్నారని అడగాలనుకుని, పుస్తకం మేకుకి తగిలించేశాను.

2008 మేలో మా అన్నయ్య వినయ్ కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నాం. నాకేమో విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. మర్నాడే వెళ్ళాలి. గృహప్రవేశానికి సెలవు దొరకదని ముందే చెప్పేశారు, అన్నయ్య అందుకు పెద్దగా బాధపడలేదు. నేను పెట్టె సర్దుకుంటుంటే అమ్మ ఒక సంచీ తెచ్చి నా పక్కన పెట్టింది. అందులో మెరూన్ జాకెట్టు గుడ్డ. కింద న్యూస్‌పేపర్లో చుట్టిన పలచటి కట్ట.

"వీడియో తీస్తారంటరా," అంది భుజం సర్దుకుంటూ. "జన్మంతా ఉండిపోద్ది. నువ్వు ఆ షెడ్డు దాకా ఓసారి వెళ్ళు."

"నువ్వే వెళ్ళచ్చు కదా?"

"నాకు పనుంది. అమ్మ పంపిందని చెప్పకు."

"మరేం చెప్పను?"

సంచీ నా వైపు జరిపింది. "దొరికిందని చెప్పు."

నేను వెళ్ళాను. ఆ తర్వాత సంవత్సరమే కుసుమగారు భీమరాజు దగ్గరికి మస్కట్ వెళ్ళిపోయారు. నేనావిడని చూడటం అదే ఆఖరు. మిషనుకి మోటారు పెట్టించారు, కళ్ళజోడు వచ్చింది. నోట్లో గుండుసూదులు మాత్రం అవే.

"దొరికిందండి," అని బల్ల మీద పెట్టాను.

ఆవిడ సూదులు తీసి డబ్బాలో వేసి, న్యూస్‌పేపరు విప్పారు. ముదురాకుపచ్చ ముక్క రంగు దిగలేదు. నాఫ్తలీను వాసన. నేనూ తొంగి చూశాను. తొమ్మిదేళ్ళ క్రితం నేను నవ్విన బొమ్మ, పుస్తకం నేను తిప్పి చూశాక పేర్చింది, దాన్ని అప్పటిదాకా చూడనేలేదు.

అక్కడ చెవి లేదు.

ఒక మొహం ఉంది. వంకరగా, ఒక పక్కకి వాలిన మొహం. రెండు ఎర్రకళ్ళు, నల్ల కనుబొమ్మలు, పసుపు ముక్కు, నీలం నవ్వు. చుట్టూ కాగితం నిండా సూది కన్నాలు, తట్టు పోసినట్టు. ఒకసారి కుట్టి విప్పిన కన్నాలు కావు. ఎన్నోసార్లు విప్పి, ఎన్నోసార్లు కుట్టినవి. మా ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు ఎన్ని ఉంటాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

కుసుమగారు పేజీని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూశారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కళ్ళజోడు తీసి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"ఎవరేసేరండి ఇది?"

"నేను కాదు."

"ముక్కు బాగా కుదిరిందండి. నాకే ఇంత బాగా రాదు." వేలితో దారం వెంబడి నడిచారు. వేలు కన్ను దగ్గర ఆగింది. "అయ్యో. కళ్ళ కోసం ఎర్రదారం రెండు ముక్కలు చేసేసి, మిగిలింది పారేసేరు చూసేరా. ఛాతీ కొలత పోయింది. కనుబొమ్మలకి నల్లది కత్తిరించేరు. భుజం పోయింది. దీన్నిబట్టి కుడితే చంటిపిల్ల చొక్కా వస్తది."

"ఆది జాకెట్టు తెస్తే? ఇప్పుడు వేసుకునేవి..."

"ఆ భుజం జారే జాకెట్లా? నా మిషను మీద పెట్టకండి వాటిని."

మేకు మీంచి పుస్తకం దించి, పదహారో పేజీకీ పద్దెనిమిదో పేజీకీ మధ్య మా అమ్మ మొహాన్ని పెట్టారు. అంచులు సరిచేసి చూసుకున్నారు. సూదీ దారం తీసుకుంటారని ఎదురుచూశాను. ఆవిడ డబ్బాలోంచి ఒక్క గుండుసూది తీసి, పేజీ జారకుండా గుచ్చి వదిలేశారు. తర్వాత మెరూన్ గుడ్డని మడతపెట్టి, నా సంచీలో తిరిగి పెట్టి, సంచీ నా చేతికిచ్చారు.

"మనిషిని రమ్మనండి," అన్నారు. "చెవి కొలవనని చెప్పండి."